కొలువు మార్చే ముందు ఈసీ తీశారా?

ఐటీలోకి మారాలనుకున్న ఉద్యోగి మొదట వెతికేది కోర్సు. చివర వెతకాల్సింది కూడా అదే.

నిజాంపేటలో ఫ్లాట్ కొనడానికి వచ్చిన కుటుంబం టోకెన్ అడ్వాన్సు ఇచ్చేలోపు ఎంత పని చేస్తుందో చూడండి. ముప్పయ్యేళ్ల ఈసీ, అంటే ఆస్తి మీది లావాదేవీలు, అప్పులు చూపే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్ తీయిస్తుంది. లింకు డాక్యుమెంట్లన్నీ లాయరు ముందు పరుస్తుంది. అనుమతి ఎన్ని అంతస్తులకు, కట్టింది ఎన్ని, రెరా నంబరుందా, ఏ బ్యాంకు లోనిస్తుంది అని ఆరా తీస్తుంది. 2024 ఆగస్టులో ప్రగతినగర్ ఎర్రకుంటలో ఆక్రమణలు కూల్చే హైడ్రా బుల్డోజర్లు దిగాక, చెరువు ఎఫ్‌టీఎల్ (పూర్తి నీటిమట్టం) హద్దు ఎక్కడిదాకా ఉందని అడగడం కూడా ఈ చుట్టుపక్కల మామూలైపోయింది. పై అంతస్తులో ఉంటున్నవాళ్లను లిఫ్టు దగ్గర పలకరించి, నల్లా నీళ్లు ఎన్ని రోజులకోసారి వస్తాయో కనుక్కుంటారు. ఇంత జాగ్రత్త ఉన్న ఇంట్లోనే ఫార్మా కంపెనీలో పనిచేస్తున్న అబ్బాయో, ప్రైవేటు స్కూల్లో లెక్కలు చెబుతున్న కోడలో "ఐటీకి మారిపోతాను" అంటే ఆ నిర్ణయం ఎలా జరుగుతుంది? ఒక ఫ్రీ డెమో క్లాసు, ఒక కరపత్రం, బెంగళూరులో ఉన్న పిన్నిగారబ్బాయి ఫోన్లో చెప్పిన ఒక్క మాట. ఆ మూడింటి మీద ఉన్న ఉద్యోగానికి రాజీనామా పెట్టేస్తున్నారు. ఫ్లాటు నచ్చకపోతే కాస్త నష్టానికైనా అమ్ముకోవచ్చు. ముప్పై రెండో ఏట పోగొట్టుకున్న ఏడాదిన్నరను కొనేవాడు ఉండడు. అందుకే ఈ కథనం వాదన చాలా చిన్నది: కెరీర్‌కు కూడా ఈసీ తీయాలి, ఆ ఈసీ చేతికొచ్చాకే కోర్సు మాట ఎత్తాలి. ఏ ఉద్యోగానికి వెళ్లాలో కోర్సు అమ్మేవాణ్ణి అడగడమంటే, ప్లాటు టైటిల్ సరిగ్గా ఉందా అని బ్రోకర్నే అడగడం.

నిజాంపేట ఈ మాట చెప్పడానికి సరైన చోటు. బాచుపల్లి, ప్రగతినగర్‌లతో కలిపి 2019లో నగరపాలక సంస్థ అయిన ఈ ఊరు, నేర్పే హైదరాబాదుకూ ఉద్యోగమిచ్చే హైదరాబాదుకూ నడుమ ఉంది. జేఎన్‌టీయూ మెట్రో స్టేషన్లో ఎక్కితే తొమ్మిదో స్టేషను కోచింగ్ సెంటర్ల అమీర్‌పేట. జేఎన్‌టీయూ కూడలి నుంచే రెండో వైపు తిరిగితే హైటెక్ సిటీ. ఈ వీధుల్లోని హాస్టళ్లలో, షేరింగ్ ఫ్లాట్లలో పొద్దున ఒక జనం అటు వెళ్తుంది, ఒక జనం ఇటు వెళ్తుంది. రాత్రి రెండు వైపులవాళ్లూ ఒకే కర్రీ పాయింటు దగ్గర నిలబడి పప్పు, వేపుడు పొట్లాలు కట్టించుకుంటారు. ఐటీ ఉద్యోగం గురించిన అసలు సమాచారం, అంటే ఎవరిని తీసుకుంటున్నారు, ఎవరిని ప్రాజెక్టు లేక బెంచి మీద కూర్చోబెట్టారు, ఏ టీములో పని తగ్గింది అన్నది ఆ క్యూలోనే ఉంది. నేర్చుకునేవాడు దాన్ని అడగడం లేదు. అడగాల్సిన ప్రశ్నలన్నీ దాచుకుని మర్నాడు ఇన్‌స్టిట్యూట్ కౌన్సిలర్‌ను అడుగుతున్నాడు.

ఆ కౌన్సిలర్ చేతిలో పెట్టే కరపత్రాన్ని ఒకసారి దగ్గరగా చూద్దాం. పేర్లు మారతాయి గానీ అచ్చు దాదాపు ఒకటే. పైన పెద్దక్షరాల్లో కోర్సు పేరు. దాని కింద "రియల్‌టైమ్ ఫ్యాకల్టీ", "రియల్‌టైమ్ ప్రాజెక్టు". పక్కన నవ్వుతున్న ముఖాలు, ఒక్కో ముఖం కింద ఒక్కో కంపెనీ లోగో. అడుగున "100% ప్లేస్‌మెంట్ అసిస్టెన్స్". చదివేవాడి కన్ను నూరు దగ్గరే ఆగిపోతుంది. బరువంతా మోస్తున్నది మాత్రం చివరి మాట. అసిస్టెన్స్ అంటే సాయం. రెజ్యూమె దిద్దిపెట్టడం సాయమే, వాట్సాప్ గ్రూపులో వాకిన్ల వివరాలు పంపడమూ సాయమే. ఆ సాయం నూటికి నూరుమందికీ అందుతుంది, అబద్ధమేమీ లేదు. ఉద్యోగం ఎందరికొచ్చిందన్న సంగతి ఆ కాగితం మీద ఎక్కడా ఉండదు. ముఖాల కింది లోగోలు కూడా అంతే. ఆ అమ్మాయి ఏ బ్యాచి, చేరేనాటికి ఆమెకు అనుభవం ఉందా, ఉద్యోగం ఆ కోర్సు వల్లే వచ్చిందా, క్యాంపస్‌లో ముందే వచ్చిందా? కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2024 నవంబరులో కోచింగ్ ప్రకటనలపై మార్గదర్శకాలు తెచ్చింది ఇలాంటి వాటి కోసమే. ఎంపిక శాతాల గురించి, ఉద్యోగ భద్రత గురించి తప్పుడు మాటలు చెప్పకూడదు, విజేత రాతపూర్వకంగా ఒప్పుకోకుండా ఫొటో వాడకూడదు అని అవి చెబుతున్నాయి. ఫిర్యాదుకు 1915 నంబరుంది. మన వీధుల్లో ఆ నంబరు ఎంతమందికి తెలుసన్నది వేరే మాట.

ఇది అమీర్‌పేటకే పట్టిన జాడ్యం అనుకుంటే పొరపాటు. అమెరికాలో లాంబ్డా స్కూల్ అనే ఆన్‌లైన్ బూట్‌క్యాంప్ ఒక వెలుగు వెలిగింది, తర్వాత బ్లూమ్‌టెక్ అని పేరు మార్చుకుంది. ముందు నేర్చుకోండి, ఉద్యోగం వచ్చాక జీతంలో వాటా ఇవ్వండి అన్నది దాని పద్ధతి. వినడానికి ఎంత న్యాయంగా ఉంది! విద్యార్థికి ఉద్యోగం రాకపోతే బడికే నష్టం కదా అనిపిస్తుంది. తమ విద్యార్థుల్లో 71 నుంచి 86 శాతం మందికి ఉద్యోగాలొచ్చాయని అది ప్రకటించుకుంది. అక్కడి వినియోగదారుల ఆర్థిక రక్షణ సంస్థ 2024 ఏప్రిల్‌లో ఇచ్చిన ఆదేశాల్లో తేల్చిందేమిటంటే, పెట్టుబడిదారులకు ఇచ్చిన లెక్కల్లో ఆ శాతం యాభై దగ్గరుంది, కొన్ని బ్యాచుల్లో ముప్పైకి కూడా పడింది. విద్యార్థికి చెప్పిన అంకె ఒకటి, డబ్బు పెట్టినవాడికి చెప్పిన అంకె మరొకటి. అంత నిఘా ఉన్న దేశంలోనే ప్లేస్‌మెంట్ శాతం అన్న మాట ఇలా సాగితే, లెక్క అడిగే నాథుడు లేనిచోట దాన్ని అసలు సమాచారం కింద తీసుకోకపోవడమే మంచిది.

నేర్పేవాళ్లంతా మోసగాళ్లన్నది ఇక్కడి అభియోగం కాదు. అమీర్‌పేటలో గొప్ప ఉపాధ్యాయులున్నారు. జావాలో కలెక్షన్లు, ఎస్‌క్యూఎల్‌లో జాయిన్లు నల్లబల్ల మీద అంత స్పష్టంగా చెప్పేవాళ్లు చాలా ఇంజినీరింగ్ కాలేజీల్లో దొరకరు. చిక్కల్లా మరోచోట ఉంది. ఎంత నిజాయతీపరుడైనా శిక్షణ సంస్థ నడిపేవాడికి కనబడేది నిన్నటి గిరాకీయే. తొంభైల చివర, 2000 రాగానే కంప్యూటర్లలో తేదీలు తప్పుతాయన్న వైటూకే భయం ప్రపంచాన్ని ఊపేసినప్పుడు ఈ నగరం కోబాల్, మెయిన్‌ఫ్రేమ్ నేర్చుకుంది. 1998 నవంబరులో సైబర్ టవర్స్‌ను ప్రధాని వాజ్‌పేయి ప్రారంభించేనాటికి ఆ ఊపు పతాకస్థాయిలో ఉంది. 2000 వచ్చింది, తేదీలు సవరించే పని అయిపోయింది, వెంటనే అమెరికాలో డాట్‌కామ్ బుడగ పేలింది. కోర్సు సగంలో ఉన్నవాళ్లు సగంలోనే ఉండిపోయారు. అదే కాలంలో సైన్సు గ్రాడ్యుయేట్లకు మెడికల్ ట్రాన్‌స్క్రిప్షన్ ఒక వరంలా కనిపించింది. మాట విని తనే రాసుకునే సాఫ్ట్‌వేర్లు మెరుగుపడేకొద్దీ అదీ పల్చబడింది. ఆ తర్వాత డాట్‌నెట్, టెస్టింగ్ టూల్స్, శాప్, హడూప్, డేటా సైన్స్, డెవాప్స్, ఇప్పుడు జెనరేటివ్ ఏఐ. ఫ్లెక్సీ మీద ఒక పేరు పడాలంటే ఆ పనికి గిరాకీ ఉన్నట్టు అందరికీ తెలిసి ఉండాలి, బోధకుడు దొరకాలి, మెటీరియల్ తయారవ్వాలి, ఒక బ్యాచి నిండాలి. ఇవన్నీ జరిగేసరికి గిరాకీ పాతబడుతుంది. ఆ బ్యాచి బయటికొచ్చేసరికి అదే రెజ్యూమెతో వేలమంది వరసలో ఉంటారు.

మిర్చి రైతుకు ఈ సంగతి కొత్తగా చెప్పనక్కర్లేదు. నిరుడు గుంటూరు యార్డులో ధర పలికిందని ఈ ఏడు అందరూ మిర్చే వేస్తారు, కోతకొచ్చేసరికి ధర కూలుతుంది. 2025 ఫిబ్రవరిలో క్వింటాలుకు 11,781 రూపాయల లెక్కన మార్కెట్ జోక్యం పథకం ప్రకటించాల్సి వచ్చింది ఆ కూలిన ధర చూసే. నాటుకూ కోతకూ మధ్య కాలం ఉన్న ప్రతి పంటలోనూ ఇలా జరుగుతుందని ఆర్థికశాస్త్రం ఎప్పుడో గుర్తించి, దానికి సాలెగూడు అని పేరు పెట్టింది. హార్వర్డ్ ఆర్థికవేత్త రిచర్డ్ ఫ్రీమన్ 1976లో ఈ సూత్రాన్ని అమెరికా ఇంజినీర్లకు వర్తింపజేసి చూపించారు. ఇంజినీర్లకు జీతాలు బాగున్న ఏడాది కాలేజీల్లో చేరికలు పెరుగుతాయి, వాళ్లంతా ఒకేసారి బయటికి రాగానే జీతాలు దిగుతాయి, ఆ దిగిన జీతం చూసి తర్వాతివాళ్లు వెనకాడతారు. అక్కడ నాలుగేళ్ల పంట, అమీర్‌పేటలో నాలుగు నెలల పంట. అంతే తేడా.

కోతకాలం ఎలా ఉందో చెప్పే అంకెలు మన రాష్ట్రానికి ఉన్నాయి. తెలంగాణ ఐటీ శాఖ లెక్క ప్రకారం 2014-15లో ఈ రంగంలో 3,71,774 మంది పనిచేస్తుండగా 2022-23 నాటికి 9,05,715 మంది అయ్యారు. ఆ ఒక్క 2022-23లోనే 1,27,594 కొత్త ఉద్యోగాలు చేరాయి. మరుసటి ఏడు 2023-24లో చేరినవి 40,285. మూడో వంతుకన్నా తక్కువ. అదే ఏడాది ఎగుమతులు మాత్రం 2,41,275 కోట్ల నుంచి 2,68,233 కోట్లకు, అంటే పదకొండు శాతం పెరిగాయి. ఈ రెండు అంకెల్నీ పక్కపక్కన పెట్టుకుని చూడాలి. "ఐటీ పెరుగుతోంది" అన్న పేపరు శీర్షికకూ "కొత్తవాళ్లను తీసుకుంటున్నారు" అన్న అర్థానికీ ఇక లంకె లేదు. 2025 జులైలో టీసీఎస్ పన్నెండు వేల మందికి పైగా తగ్గించుకుంటున్నట్టు ప్రకటించింది, అందులో ఎక్కువమంది మధ్య, పై స్థాయులవాళ్లే. పెద్ద సర్వీసు కంపెనీల్లో మొదటిమెట్టు జీతం దశాబ్దం పైగా ఏడాదికి మూడున్నర లక్షల చుట్టుపక్కలే తిరుగుతోంది. ఇవేవీ రహస్యాలు కావు. అన్నీ పేపర్లలో వచ్చినవే. అయినా డెమో క్లాసులో మాత్రం 2022 నాటి ప్యాకేజీల స్క్రీన్‌షాట్లే తిరుగుతుంటాయి.

ఇంతకీ మనవాళ్లు బేరమాడేది ఫీజు దగ్గర. నలభై వేలు చెబితే ముప్పై ఐదుకు దించి గెలిచామనుకుంటారు. ఒక ఊహా లెక్క వేద్దాం. నెలకు ఇరవై ఎనిమిది వేలు తెచ్చుకుంటున్న మనిషి ఉద్యోగం మానేసి నాలుగు నెలలు నేర్చుకుని ఐదు నెలలు వెతికాడనుకోండి. పోయిన జీతం రెండు లక్షల యాభై రెండు వేలు. హాస్టలు, తిండి, తిరుగుడు కలిపి నెలకు తొమ్మిది వేలనుకుంటే ఎనభై ఒక్క వేలు. ఫీజు నలభై. మొత్తం మూడు లక్షల డెబ్బై మూడు వేలు, అందులో ఫీజు పదో వంతుకు కాస్త పైన. తొమ్మిది నెలలు అన్నది దయగల అంచనా. మూడున్నర లక్షల ప్యాకేజీతో చేరితే కోతలు పోను చేతికొచ్చేది అతను వదులుకున్న జీతానికి సమానమో, తక్కువో. అంటే పెట్టిన డబ్బు తిరిగిరావడం మొదటిసారి కంపెనీ మారాకే, మూడో ఏటనో నాలుగో ఏటనో మొదలవుతుంది. ఈ లెక్క వేస్తే మారడమే దండగ అని తేలదు. పదేళ్ల చూపులో చాలామందికి లాభమే తేలుతుంది. కానీ అసలు ఖర్చు ఎక్కడుందో దీనితో తెలిసిపోతుంది. ఉద్యోగంలో ఉండగానే రెండు నెలలు సాయంత్రాలు కూర్చుని పరిశోధన చేస్తే పోయేదేమీ లేదు, అది లేకుండా తప్పు కోర్సులో చేరితే పోయేది మూడున్నర లక్షల పైనే.

మరి ఆ పరిశోధన ఎలా ఉంటుంది? మొదటి పత్రం ఉద్యోగ ప్రకటనే. హైదరాబాద్ పేరు పెట్టి నౌక్రిలో, లింక్డిన్‌లో ఒకే హోదాకు చెందిన నలభై యాభై ప్రకటనలు తీసి, ఒక నోటుబుక్కులో గీతలు గీసుకుని, ఏ నైపుణ్యం ఎన్నిసార్లు అడిగారో లెక్కపెట్టాలి. విసుగు పని, నిజమే. కానీ మొదటి పాతిక ప్రకటనలు దాటేసరికి కరపత్రం చెప్పని సంగతులు బయటపడతాయి. టెస్టింగ్ తేలిక, కోడింగ్ రానివాళ్లకు అదే దారి అన్న పాత మాట పట్టుకుని మాన్యువల్ టెస్టింగ్ వెతికితే, సగానికి సగం ప్రకటనలు ఆటోమేషన్ అడుగుతూ కనిపిస్తాయి. ఆటోమేషన్ అంటే కోడింగే. శాప్ అని వెతికితే ఎస్-ఫోర్ హానా అనే కొత్త రూపం పేరు వరసగా వస్తుంది. పాత ఈసీసీకి శాప్ సంస్థ ప్రధాన మద్దతు 2027 చివరితో ముగించనుంది. కంపెనీలు కొత్తదానికి మారుతున్న ఈ కాలంలో ఏ ఇన్‌స్టిట్యూట్ గదిలోనైనా పాతదాన్నే అరిగిపోయిన సర్వర్ మీద నేర్పుతుంటే, ఆ సంగతి ఫీజు కట్టకముందే తెలియాలి. ఇక "అనుభవం" అన్న గడి. రెండు నుంచి నాలుగేళ్లు అని ఎన్నింటిలో ఉంది, ఫ్రెషర్ అని ఎన్నింటిలో ఉంది? ఏదైనా హోదాకు యాభైలో రెండే ఫ్రెషర్ ప్రకటనలు కనిపిస్తే, ఆ దారి ఎంత నున్నగా వేసి ఉన్నా గేటు మూసి ఉన్నట్టే.

రెండో పత్రం మనిషి పాత ఉద్యోగం, ఫ్లాటు భాషలో చెప్పాలంటే లింకు డాక్యుమెంటు. మారాలనుకునేవాళ్లు చేసే పెద్ద పొరపాటు పాత అనుభవాన్ని సిగ్గుపడి దాచేసుకుని, ఇరవై రెండేళ్ల బీటెక్ కుర్రాడితో అతని మైదానంలోనే పరుగు పందేనికి దిగడం. ఆరేళ్లు అకౌంట్లు రాసి జీఎస్టీ రిటర్నులు వేసినవాడికి శాప్‌లో ఫైనాన్స్ మాడ్యూలు అర్థమయ్యే తీరు వేరు. డెబిట్ ఏది, క్రెడిట్ ఏది అని అతనికి ఎవరూ చెప్పక్కర్లేదు. జీడిమెట్లలో, బొల్లారంలో ఫార్మా యూనిట్ల నాణ్యతా విభాగంలో పనిచేసినవాళ్లకు, వాళ్ల రికార్డులు నడిపే సాఫ్ట్‌వేర్ సరిగ్గా పనిచేస్తోందా అని నిరూపించే వ్యాలిడేషన్ పని ఉందని తెలియకపోవచ్చు. అది పూర్తిగా ఐటీ కాదు, పూర్తిగా ఫార్మా కాదు. అక్కడ బీటెక్ కుర్రాడు పోటీకి రాలేడు. బ్యాంకులో లోన్లు చూసినవాడు, ఆస్పత్రిలో బిల్లింగ్ చూసినవాడు, స్కూల్లో పాఠం చెప్పినవాడు, ఒక్కొక్కరికీ ఇలాంటి పక్కవాకిలి ఒకటి ఉంటుంది. అది ఏ ఫ్లెక్సీ మీదా ఉండదు, ఎందుకంటే అరవై మందిని ఒకే గదిలో కూర్చోబెట్టి నేర్పడానికి అది పనికిరాదు. నేర్పడానికి లాభసాటి అయిన కోర్సుకూ మీకు లాభసాటి అయిన కోర్సుకూ దారులు విడిపోయేది ఇక్కడే.

మూడోది మనుషుల్ని అడగడం. ఆ పనిలో రెండేళ్లుగా ఉన్నవాళ్లను, ఇరవై ఏళ్లున్న మేనేజర్ బాబాయిని కాదు. "అన్నా, నాకో రెఫరల్" అంటే మొహం చాటేసేవాళ్లే "అన్నా, నిన్న పొద్దుట్నుంచి రాత్రిదాకా ఏం పని చేశావు?" అంటే గంటసేపు చెబుతారు. టికెట్లు, కాల్సు, అమెరికా టైముకు పడే సాయంత్రాలు, రిలీజు రాత్రుళ్లు, అర్ధరాత్రి మోగే ఫోను. ఈ పని మనకు సరిపడుతుందా అన్నది అక్కడే తేలుతుంది. ఆ తర్వాత చేతితో తాకి చూడటం. ఐఐటీలు, ఐఐఎస్‌సీ కలిసి 2003లో మొదలుపెట్టిన ఎన్‌పీటీఈఎల్ పాఠాలు ఉచితం, పరీక్ష రాస్తేనే ఫీజు. సేల్స్‌ఫోర్స్ కంపెనీ ఆన్‌లైన్ పాఠాల వేదిక ట్రెయిల్‌హెడ్ కూడా ఉచితమే. రోజూ గంట చొప్పున ఆరు వారాలు ఎస్‌క్యూఎలో పైథానో చేసి, ఆరో వారంలో కూడా కూర్చోబుద్ధయితే అది డిగ్రీలు, కౌన్సిలర్లు చెప్పలేని సాక్ష్యం. మూడో వారంలోనే ఆవులింతలొస్తే నలభై వేలు మిగిలినట్టు.

దీనికి మొదటి అభ్యంతరం ఎప్పుడూ చరిత్ర నుంచి వస్తుంది. ఈ పరిశోధనలేవీ లేకుండానే కదా ప్రకాశం నుంచి, కడప నుంచి, కరీంనగర్ నుంచి బస్సెక్కి వచ్చినవాళ్లు అమీర్‌పేటలో మూడు నెలలు కూర్చుని డల్లాస్ దాకా వెళ్లింది? వెళ్లారు. ఆ ఘనత ఎవరూ కాదనలేరు. అయితే వెళ్లినవాళ్ల కథే మనకు వినిపిస్తుంది, వెనక్కి బస్సెక్కినవాళ్లు ఎక్కడా ఫ్లెక్సీ కట్టించుకోరు. జియాంగ్ బియావ్ అనే మానవశాస్త్రవేత్త తెలుగు ఐటీ ఉద్యోగుల మీద హైదరాబాదులో, సిడ్నీలో పరిశోధన చేసి 2007లో "గ్లోబల్ బాడీ షాపింగ్" అనే పుస్తకం వెలువరించారు. ఊళ్లో పొలం, ఇంట్లో కట్నం, నగరంలో శిక్షణ, విదేశంలో ఏజెంటు, అన్నీ ఒకే గొలుసుగా ఎలా నడిచాయో, మార్కెట్ పడిపోయినప్పుడు ఆ నష్టం గొలుసులో కిందికి జారుతూ జారుతూ ఎవరి నెత్తిన పడిందో ఆయన చూపించారు. నష్టం మోసింది శిక్షణ సంస్థ కాదు. ఇంకో మాట, ఆ రోజుల్లో కొత్తవాళ్లను పెద్దయెత్తున పీల్చుకునే మార్కెట్ ఉంది. వర్షం దంచి కొట్టిన ఏడు ఎక్కడ విత్తు చల్లినా మొలుస్తుంది.

రెండో అభ్యంతరం దీనికన్నా బరువైనది. ఇంట్లో మొదటి డిగ్రీ తనదే అయినవాడికి, ఊళ్లో ఐటీ ఉద్యోగి ఒక్కడూ లేనివాడికి ఎవరిని అడగమంటారు? అతనికి దొరికే సమాచారమల్లా ఇన్‌స్టిట్యూట్ గదే. పక్క బెంచీ కుర్రాడు, వాట్సాప్ గ్రూపు, వాకిన్‌కు కలిసి వెళ్లే రూమ్మేటు, ఇవన్నీ అక్కడే దొరుకుతాయి. ఈ మాటలో నిజముంది, అందుకే అమీర్‌పేట ఇంకా బతికుంది. ఆన్‌లైన్ పాఠాలు ఎన్నొచ్చినా ఆ గుంపు ఇచ్చే ధైర్యం వేరు. అయితే గుంపులో చేరడానికి నలభై వేల కోర్సే టికెట్ కానక్కర్లేదు. రెండు వేలకో మూడు వేలకో ఒక నెల ఎస్‌క్యూఎల్ తరగతిలో చేరినా ఆ గుంపు దొరుకుతుంది. ప్రవేశ పరీక్ష పెట్టి తీసుకునే సీ-డాక్ ఆరు నెలల పీజీ డిప్లొమా, రాష్ట్ర ప్రభుత్వ నైపుణ్య శిక్షణ సంస్థ టాస్క్, జేఈఈ అక్కర్లేకుండా ఉద్యోగం చేసుకుంటూనే చదవగల ఐఐటీ మద్రాస్ డేటా సైన్స్ డిగ్రీ, ఇవీ ఉన్నాయి. వీటి ఫ్లెక్సీలు అమీర్‌పేట మైత్రీవనం గోడల మీద కనిపించవు కాబట్టి లేవనుకుంటాం. అండ లేనివాడికే పరిశోధన ఎక్కువ అవసరం. మేనమామ కంపెనీలో చోటున్నవాడు ఏ కోర్సు చేసినా ఒకటే.

మూడోది ఈ మధ్య ప్రతి ఇంట్లో వినిపిస్తున్నది: కోడు రాయడమంతా ఏఐ చేసేస్తుంటే ఇక వెతికి లాభమేముంది? స్టాన్‌ఫర్డ్ ఆర్థికవేత్త ఎరిక్ బ్రిన్యోల్ఫ్‌సన్ బృందం 2025 ఆగస్టులో అమెరికా జీతాల రికార్డులు తీసి చూసింది. ఏఐ తాకిడి ఎక్కువున్న వృత్తుల్లో 22 నుంచి 25 ఏళ్లవాళ్ల ఉద్యోగాలు తక్కిన వృత్తులతో పోలిస్తే 13 శాతం తగ్గాయి. అవే వృత్తుల్లో వయసూ అనుభవమూ ఉన్నవాళ్ల ఉద్యోగాలు నిలకడగా ఉన్నాయి, కొన్నిచోట్ల పెరిగాయి. అమెరికా లెక్క మనకు అచ్చంగా అతకదు. అయినా మారాలనుకునే ముప్పై ఏళ్ల మనిషికి ఇందులో ఒక కబురుంది. పుస్తకంలో దొరికే జ్ఞానానికి ధర పడిపోతోంది, పనిలో నలిగితే వచ్చే జ్ఞానానికి ధర నిలబడుతోంది. కొత్తవాడిగా మళ్లీ మొదటి మెట్టు మీద నిలబడితే ఆ తగ్గిన 13 శాతం వైపు చేరినట్టు. పాత వృత్తి జ్ఞానాన్ని వెంట తెచ్చుకుంటే అవతలి వైపు.

పరిశోధన లేకుండా చేరి, ఆర్నెల్లు తిరిగి, పిలుపు రాక అలసిపోయినవాడి దగ్గరకు మరో రకం మనిషి వస్తాడు. మూడేళ్ల అనుభవం ఉన్నట్టు ఆఫర్ లెటరు, పే స్లిప్పులు, రిలీవింగ్ లెటరు అన్నీ ఇస్తానంటాడు, కావాలంటే ఇంటర్వ్యూలో ప్రాక్సీ కూడా. "అందరూ చేసేదే తమ్ముడూ" అంటాడు. ఒకప్పుడు చెల్లిందేమో. 2014 నుంచి పీఎఫ్‌కు యూఏఎన్ అనే శాశ్వత నంబరు వచ్చాక మనిషి ఎక్కడ ఏ తేదీన చేరాడో, ఎప్పుడు మానాడో ఒకే నంబరు కింద వరసగా ఉంటోంది. ఫార్మాలో పీఎఫ్ కట్టిన నెలల్లోనే మాదాపూర్‌లో కోడు రాసినట్టు చూపిస్తే, వెరిఫికేషన్‌లో అది పట్టుబడటానికి పెద్ద డిటెక్టివ్ అక్కర్లేదు. చేరాక ఏడాదికి పట్టుబడ్డా ఉద్యోగం పోతుంది, కాగితాలు దొంగవి కాబట్టి కేసూ అవుతుంది. ఈ మనిషి మీద కోపం రావడం సహజమే గానీ, అతను ఇంటి ముందు నిలబడేదాకా తెచ్చింది మొదట్లో అడగని ప్రశ్న: ఈ హోదాలో కొత్తవాళ్లను తీసుకుంటున్నారా?

ఇవన్నీ అయ్యాక కోర్సు ఎంచుకోవడం పెద్ద పనేం కాదు. ఏం కావాలో తెలిసినవాడు కూరగాయల బజారుకు వెళ్లినట్టే ఉంటుంది. డెమో క్లాసులో కూర్చోవచ్చు, కానీ డెమో చెప్పినాయనే బ్యాచి అంతా చెబుతాడా అని అడగాలి. ఏడో వారం, ఎనిమిదో వారం నడుస్తున్న పాత బ్యాచిలో ఒకరోజు వెనక బెంచీలో కూర్చోనిమ్మనాలి. మొదటి రోజు తొంభై మందితో మొదలైన గదిలో ఇప్పుడెందరున్నారో తల లెక్కపెట్టుకుంటే, ఏ కరపత్రమూ చెప్పని శాతం మనమే రాసుకోవచ్చు. మధ్యలో మానేస్తే ఎంత వెనక్కిస్తారో కాగితం మీద పెట్టమనాలి. కోచింగ్ ఫీజుకు 18 శాతం జీఎస్టీ ఉంది, దానికి బిల్లు అడగాలి. బిల్లొద్దంటే తగ్గిస్తామన్న చోట, రేపు వినియోగదారుల కమిషన్‌కు వెళ్లాల్సొస్తే చేతిలో చూపడానికేమీ ఉండదని గుర్తుంచుకోవాలి. ఈ ప్రశ్నలకు నవ్వుతూ జవాబు చెప్పే సంస్థలు ఉన్నాయి. కొన్నిచోట్ల మాత్రం కౌన్సిలర్ ముఖంలో నవ్వు తగ్గి, "ఈరోజే కడితే డిస్కౌంటండీ, రేపటికి సీట్లుండవు" అన్న మాట వస్తుంది. ఫ్లాటు చూపించేవాడు సరిగ్గా అదే మాట అన్నప్పుడు నిజాంపేటలో ఎవరైనా ఏం చేస్తారు? ఈసీ తెచ్చుకున్నాక వస్తామని చెప్పి మెట్లు దిగుతారు.